అడగని వాళ్లకు లాయర్‌ని ఎవరిస్తారు?

సాయంత్రం ఐదు దాటింది. ఒక పాత తాలూకా కేంద్రంలో మేజిస్ట్రేట్ కోర్టు. ఆ రోజు వాయిదాలన్నీ అయిపోయాయి, ప్లీడర్లు ఇంటిదారి పట్టారు. ఇద్దరు కానిస్టేబుళ్లు ఒక కుర్రాడిని లోపలికి తెచ్చి నిలబెడతారు. వాళ్ల చేతిలో రిమాండ్ రిపోర్టు, ఆస్పత్రిలో చేయించిన పరీక్ష కాగితం ఉంటాయి. బెంచి క్లర్కు వాటిని పైకి అందిస్తాడు. మేజిస్ట్రేట్ అడిగేవి రెండు మూడు ప్రశ్నలే. నీ పేరేంటి? పోలీసులు కొట్టారా? లాయర్‌ని పెట్టుకున్నావా? ఆ కుర్రాడు ఒకసారి కానిస్టేబుల్ వైపు చూసి, "లేదు సార్" అంటాడు. కాగితం మీద సంతకమో వేలిముద్రో పడుతుంది. 14 రోజుల రిమాండ్. అంతా కలిపి రెండు నిమిషాలు.

తెలుగు రాష్ట్రాల్లో ఏ చిన్న ఊరి కోర్టులోనైనా కాస్త ఓపిగ్గా కూర్చుంటే ఇలాంటి రెండు నిమిషాలు కనిపిస్తాయి. మన న్యాయవ్యవస్థ గురించి మాట్లాడేటప్పుడు అందరం సుప్రీంకోర్టు తీర్పుల దగ్గర మొదలుపెడతాం. మామూలు మనిషికి మాత్రం కోర్టు అంటే మొదట ఈ గదే. కేసు ఎటు పోతుందన్నది చాలావరకు ఇక్కడే తేలుతుంది. అతను జైలుకు వెళ్తాడా, ఇంటికి వెళ్తాడా? అరెస్టుకు కారణం సరిగ్గా చెప్పారా? అసలు అరెస్టు అవసరమా, నోటీసు ఇచ్చి పంపిస్తే సరిపోయేదా? ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో అరెస్టు చేయకుండా నోటీసు ఇచ్చే పద్ధతి ఉంది. జనం ఇప్పటికీ దాన్ని 41ఏ నోటీసు అనే అంటారు. 2024 జులై 1న పాత సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత అనే కొత్త చట్టం వచ్చాక అది 35వ సెక్షన్‌లోకి మారింది. ఈ ప్రశ్నలన్నీ వేయాల్సింది లాయర్. ఆ సమయానికి లాయర్ లేకపోతే వేసేవాళ్లే ఉండరు.

చట్టంలో లోటేమీ లేదు. అరెస్టయిన మనిషికి తనకు నచ్చిన లాయర్‌ని పెట్టుకునే హక్కు, 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందుకు వెళ్లే హక్కు రాజ్యాంగం 22వ అధికరణంలోనే ఉన్నాయి. 24 గంటల్లో దారి ప్రయాణాన్ని లెక్కలోకి తీసుకోరు. పోలీసులు ప్రశ్నిస్తున్నప్పుడు లాయర్‌ని కలిసే హక్కు కూడా ఉంది, అయితే విచారణ సాగినంతసేపూ లాయర్ పక్కనే కూర్చోవడానికి వీల్లేదు. అరెస్టుకు కారణాలను రాతపూర్వకంగా, ఆ మనిషికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలని 2025 నవంబరులో సుప్రీంకోర్టు అన్ని నేరాలకూ వర్తించేలా చెప్పింది. లాయర్‌ని పెట్టుకునే డబ్బు లేనివాళ్ల మాటేమిటి? 1976లో 42వ సవరణతో 39ఏ అధికరణం చేరింది. పేదరికం వల్ల ఎవరికీ న్యాయం దూరం కాకుండా ఉచిత న్యాయ సహాయం అందించాలని అది రాజ్యానికి చెబుతుంది.

1979 జనవరిలో బీహార్ జైళ్ల గురించి పత్రికల్లో కథనాలు వచ్చాయి. చిన్న నేరాలకు పట్టుబడి, వాటికి పడగలిగే శిక్ష కంటే ఎక్కువ కాలం విచారణే లేకుండా జైల్లో ఉన్నవాళ్ల కథలవి. కపిల హింగోరాణీ అనే న్యాయవాది ఆ కథనాలను పట్టుకుని సుప్రీంకోర్టుకు వెళ్లారు. అదే హుస్సేనారా ఖాతూన్ కేసు. త్వరగా విచారణ జరగడం, పేదవాడికి ప్రభుత్వ ఖర్చుతో లాయర్ దొరకడం, రెండూ జీవించే హక్కులో భాగమేనని జస్టిస్ పి.ఎన్. భగవతి ధర్మాసనం తేల్చింది.

అసలు విషయం ఆ తర్వాతి కేసులో బయటపడింది. బీహార్‌లోనే భాగల్‌పూర్‌లో పోలీసులు విచారణ ఖైదీల కళ్లు పొడిచి, యాసిడ్ పోశారు. వాళ్లను మేజిస్ట్రేట్ల ముందు హాజరుపరిచారు, రిమాండ్‌కూ పంపారు. వాళ్లలో చాలామందికి లాయర్ లేడు. ఎందుకు ఇవ్వలేదంటే వచ్చిన సమాధానం: వాళ్లెవరూ అడగలేదు. 1980 చివర్లో సుప్రీంకోర్టు ఈ సమాధానాన్ని కొట్టిపారేసింది. లాయర్ కావాలని అడిగే హక్కు ఉందని తెలియని మనిషి ఎలా అడుగుతాడు? ఆ సంగతి చెప్పడం మేజిస్ట్రేట్ బాధ్యత. మొదటిసారి హాజరుపరిచిన క్షణం నుంచే లాయర్‌ని ఇవ్వాలి. ఖజానాలో డబ్బులు లేవన్న సాకు చెల్లదు. 1986లో సుక్ దాస్ కేసులో ఇంకో మెట్టు ఎక్కి, హక్కు ఉందని చెప్పకుండా, లాయర్ లేకుండా విచారణ నడిపి వేసిన శిక్షనే కొట్టేసింది. 2012లో కసబ్ కేసులోనూ మేజిస్ట్రేట్ల ఈ బాధ్యతను మళ్లీ గుర్తుచేసింది.

ఇన్ని తీర్పులున్నా, ఆ సాయంత్రపు కోర్టులో వేసే ప్రశ్న "లాయర్‌ని పెట్టుకున్నావా?" అన్నంతవరకు పరిస్థితి మారదు. ఆ మాట వింటే కుర్రాడికి తట్టేది డబ్బే. ఇంటి దగ్గర ఏముందో అతనికి తెలుసు. "నీకు లాయర్ లేకపోతే ప్రభుత్వమే ఇస్తుంది, నువ్వు ఒక్క రూపాయి కట్టక్కర్లేదు, ఇదిగో ఈయన నీ లాయర్, బయటికి వెళ్లి మాట్లాడి రా" అన్నప్పుడు అది హక్కులాగా చెవిన పడుతుంది. రిమాండ్ లాయర్ అని, న్యాయ సహాయ జాబితాలో (ప్యానెల్‌లో) ఉన్న ఒక లాయర్‌ని కోర్టుకు కేటాయించే ఏర్పాటు ఉన్నదే దీనికోసం. ఆ లాయర్ రిపోర్టు చదివే ఐదు నిమిషాలు, ముద్దాయితో పోలీసుల చెవిన పడకుండా మాట్లాడే ఐదు నిమిషాలు దొరికితే చాలు, చాలా కేసుల దారి మారుతుంది.

ఈ గది పైన నిచ్చెన ఎలా ఉంటుందో క్లుప్తంగా చూద్దాం. చిన్న ఊళ్లలో జూనియర్ సివిల్ జడ్జి, ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ సాధారణంగా ఒకరే. పొద్దున పొలం గట్టు తగాదా వినే మనిషే మధ్యాహ్నం దొంగతనం కేసు వింటారు. మేజిస్ట్రేట్ మూడేళ్ల వరకే జైలుశిక్ష వేయగలరు. హత్య లాంటి పెద్ద నేరాలు సెషన్స్ కోర్టుకు వెళ్తాయి. ఉరిశిక్ష వేస్తే హైకోర్టు ఖాయం చేయాల్సిందే. ఉమ్మడి హైకోర్టు విడిపోయి 2019 జనవరి 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌కు అమరావతిలో, తెలంగాణకు హైదరాబాద్‌లో మూసీ ఒడ్డున ఉన్న పాత భవనంలో వేర్వేరు హైకోర్టులు నడుస్తున్నాయి. పైన సుప్రీంకోర్టు, అక్కడ ప్రధాన న్యాయమూర్తితో కలిపి 34 మంది. వీటికి పక్కన కుటుంబ, కార్మిక కోర్టులు, వినియోగదారుల కమిషన్లు ఉన్నాయి. వినియోగదారుల కమిషన్‌లో లాయర్ లేకుండా సొంతంగా వాదించుకోవచ్చు, 5 లక్షల లోపు విలువైన ఫిర్యాదుకు ఫీజు కూడా లేదు. కుటుంబ కోర్టులో అయితే లాయర్‌ని పెట్టుకోవడానికి కోర్టు అనుమతి కావాలి, మామూలుగా ఇస్తారు.

ఈ నిచ్చెన దగ్గర జనం ఎక్కువగా పొరబడే చోట్లు రెండు. ఒకటి భూమి. పాస్‌పుస్తకంలో పేరు తప్పుపడితే తహసీల్దారు, ఆర్డీవో దగ్గరికి వెళ్లాలి. ఆ భూమి అసలు ఎవరిది అన్న హక్కు తేల్చేది మాత్రం సివిల్ కోర్టే. తప్పు తలుపు తట్టి ఏళ్లు పోగొట్టుకున్న రైతులు ప్రతి మండలంలో ఉన్నారు. మొదటి వారంలో ఒక మంచి లాయర్ పది నిమిషాలు కాగితాలు చూస్తే ఆ ఏళ్లు మిగులుతాయి. రెండోది క్రిమినల్ కేసు. కేసు పెట్టినవాళ్లు, "మా తరఫున లాయర్‌ని పెట్టుకోవాలా?" అని టెన్షన్ పడుతుంటారు. పోలీసు కేసులో ఫిర్యాదుదారు తరఫున ప్రభుత్వ ప్రాసిక్యూటరే వాదిస్తారు, ఖర్చు ఉండదు. కావాలంటే కోర్టు అనుమతితో ఆయనకు సాయంగా సొంత లాయర్‌ని పెట్టుకోవచ్చు, అంతే.

ఉచిత లాయర్ సంగతికి వస్తే, దానికి 1987లో ప్రత్యేక చట్టం చేశారు. అది అమల్లోకి వచ్చింది 1995 నవంబరు 9న. ఢిల్లీలో జాతీయ సంస్థ, రాష్ట్రానికో సంస్థ, ప్రతి జిల్లాకూ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ, కింద మండల కమిటీలు ఉన్నాయి. జిల్లా సంస్థకు అధ్యక్షులు జిల్లా జడ్జి. ఆఫీసు సాధారణంగా జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది. తెల్లకాగితం మీద తెలుగులో రాసిచ్చినా సరే. రాయడం రాకపోతే అక్కడున్న పారాలీగల్ వాలంటీర్ (న్యాయ సహాయంలో తోడ్పడే కార్యకర్త) రాసిపెడతారు. 15100కి ఫోన్ చేసినా నమోదు చేసుకుంటారు. దరఖాస్తును 7 రోజుల్లోగా తేల్చాలి. లాయర్ ఫీజు ఒక్కటే అనుకుంటారు గానీ కోర్టు ఫీజు, సమన్ల ఖర్చు, కాగితాల నకళ్లు, అనువాదం కూడా సంస్థే భరిస్తుంది.

ఎవరికి ఇస్తారన్న దాంట్లో ఒక సంగతి చాలామందికి తెలియదు. ఆడవాళ్లకు ఆదాయ పరిమితి లేదు. భర్త ఎంత సంపాదిస్తున్నా, ఆమెకు సొంత ఉద్యోగం ఉన్నా, మహిళ అన్న ఒక్క కారణం చాలు. పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులు, పారిశ్రామిక కార్మికులు, వరద, కరువు లాంటి విపత్తుల్లో దెబ్బతిన్నవాళ్లు, అక్రమ రవాణాకు గురైనవాళ్లు, జైల్లోనో కస్టడీలోనో ఉన్న ఎవరైనా ఇదే కోవలోకి వస్తారు. మిగతావాళ్లకే ఆదాయ పరిమితి, తెలుగు రాష్ట్రాల్లో అది ఏడాదికి 3 లక్షలు. వేధింపుల కేసులో, మనోవర్తి కేసులో "డబ్బుల్లేక ఊరుకున్నాను" అనే ఆడవాళ్ల మాట విన్నప్పుడల్లా, ఆడవాళ్లకు ఆదాయ పరిమితి లేదన్న ఈ ఒక్క వాక్యం ప్రతి గ్రామ సచివాలయం గోడ మీద, ప్రతి పంచాయతీ ఆఫీసు గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది.

హక్కు ఉన్నా వాడుకోకపోవడానికి ఇంకో కారణం నమ్మకం లేకపోవడం. ఫ్రీ లాయర్ సరిగ్గా వాదించడని ఊళ్లలో గట్టి అభిప్రాయం ఉంది. అప్పు చేసైనా ప్రైవేటు లాయర్ దగ్గరికే పోతారు. ఈ భయం ఉత్తదేం కాదు. మధ్యప్రదేశ్‌లోని ఖండ్వాలో 2013లో ఏం జరిగిందో చూడండి. చిన్నారిపై అత్యాచారం, హత్య కేసులో అనోఖీలాల్ అనే ముద్దాయికి న్యాయ సహాయం కింద లాయర్‌ని ఇచ్చారు. లాయర్‌ని ఇచ్చిన రోజే అభియోగాలు మోపారు. 13 రోజుల్లో విచారణ ముగిసి ఉరిశిక్ష పడింది. ఆ లాయర్‌కు కేసు చదివే టైమే లేదు. 2019 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కనపెట్టి, విచారణ మళ్లీ మొదటి నుంచి జరపమంది. యావజ్జీవమో ఉరో పడే అవకాశమున్న కేసుల్లో బార్‌లో కనీసం పదేళ్ల అనుభవం ఉన్న లాయర్‌నే ఇవ్వాలని, సిద్ధం కావడానికి కనీసం 7 రోజులైనా ఉండాలని చెప్పింది. వేగంగా తీర్పు రావాలని మనమంతా కోరుకుంటాం, ముఖ్యంగా పసిపిల్లల మీద నేరాల్లో. కానీ కాగితాలు చదవని లాయర్‌ని పక్కన నిలబెట్టి తెచ్చిన తీర్పు నిలబడదు. చివరికి ఆ పిల్ల తల్లిదండ్రులే మళ్లీ మొదటి నుంచి కోర్టు చుట్టూ తిరగాల్సి వస్తుంది.

పాత ప్యానెల్ పద్ధతిలో లాయర్లు సొంత ప్రాక్టీసు చేసుకుంటూ మధ్యలో ఈ కేసులు చూసేవారు. ఇచ్చే ఫీజు తక్కువ, ధ్యాసా అంతే ఉండేది. దీన్ని మార్చడానికి 2022లో లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ పద్ధతి వచ్చింది. ప్రభుత్వం తరఫున ప్రాసిక్యూటర్ ఉన్నట్టే, ముద్దాయి తరఫున జీతానికి పనిచేసే పూర్తికాలపు లాయర్లు జిల్లాలో ఉంటారు. చీఫ్, డిప్యూటీ, అసిస్టెంట్ అని వాళ్లలో అంచెలుంటాయి. వాళ్లు ప్రైవేటు కేసులు తీసుకోకూడదు. ఇది సరైన దిశలో పడిన అడుగు. అయితే ఒక్కో లాయర్ చేతిలో ఎన్ని ఫైళ్లు పెడుతున్నారన్న దాని మీదే దీని ఫలితం ఆధారపడి ఉంది. ఎన్ని ఫైళ్లు ఇచ్చారో, ఎన్నిసార్లు జైలుకు వెళ్లి కక్షిదారును కలిశారో ప్రతి జిల్లా సంస్థ నోటీసు బోర్డులో పెడితే జనానికి నమ్మకం దానంతటదే వస్తుంది.

సొంత ఖర్చుతో లాయర్‌ని పెట్టుకునేవాళ్లకూ తెలియాల్సినవి ఉన్నాయి. లాయర్‌కు కేసు అప్పగిస్తూ ఇచ్చే వకాల్తా మీద సంతకం చేసేముందు చదవండి. రాజీపడే అధికారం, డబ్బు తీసుకునే అధికారం కూడా అందులో రాసి ఉంటుంది. ఫీజు ఎంతో, ఏ దశకు ఎంతో ముందే కాగితం మీద రాయించుకోవాలి. వచ్చే పరిహారంలో ఇంత శాతం అన్న ఒప్పందాన్ని బార్ కౌన్సిల్ నియమాలు ఒప్పుకోవు. యాక్సిడెంట్ కేసుల్లో ఇలాంటి బేరం ఎదురైతే ఈ సంగతి గుర్తుంచుకోవాలి. లాయర్‌ని మార్చుకోవాలనుకుంటే ఫీజు బాకీ ఉందని ఫైలు ఆపే హక్కు ఆయనకు లేదని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది. బాకీ వసూలు చేసుకోవడానికి ఆయనకు వేరే దారి ఉంది. కేసు ఎక్కడిదాకా వచ్చిందో తెలుసుకోవడానికి ప్లీడరు గుమాస్తా చుట్టూ తిరగనక్కర్లేదు. ప్రతి కేసుకూ 16 అక్షరాలు, అంకెల సీఎన్ఆర్ నంబరు ఉంటుంది. దాన్ని ఈకోర్ట్స్ యాప్‌లో కొడితే వాయిదా తేదీ, పోయిన వాయిదాలో ఏం జరిగిందీ కనిపిస్తాయి.

రాజీతో కేసులు తేల్చే లోక్ అదాలత్ గురించి ఒక హెచ్చరిక అవసరం. రాజీ కుదిరితే కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది, వాయిదాల బాధ తప్పుతుంది, చిన్న తగాదాలకు ఇది మంచి దారే. కానీ అక్కడ ఇచ్చే అవార్డు మీద అప్పీలు లేదు. "ఏదో సంతకం పెట్టమన్నారు, పెట్టాను" అంటే తర్వాత ఎవరూ వినరు. నచ్చకపోతే వద్దని చెప్పి కోర్టులోనే కేసు కొనసాగించుకోవచ్చు, ఎవరూ బలవంతపెట్టలేరు. కరెంటు, బస్సు, ఆస్పత్రి, బీమా లాంటి సేవల తగాదాలకు ఉన్న శాశ్వత లోక్ అదాలత్ దీనికి భిన్నం. అక్కడ రాజీ కుదరకపోయినా కోటి రూపాయల లోపు వివాదాన్ని వాళ్లే తేల్చగలరు. ఇక సివిల్ దావా గెలిచినంత మాత్రాన పని అయిపోదు. డిక్రీ చేతికొచ్చాక దాన్ని అమలు చేయించడానికి ఈపీ (అమలు పిటిషన్) వేయాలి, అదే మళ్లీ ఒక కేసులా సాగుతుంది. ఈపీలను 6 నెలల్లో ముగించాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. లాయర్‌తో ఫీజు మాట్లాడుకునేటప్పుడు ఈపీ కూడా అందులో ఉందో లేదో అడగాలి.

భాష కూడా లాయర్ అవసరాన్ని పెంచేదే. సాక్షి తెలుగులో చెబుతాడు, తీర్పు తరచూ ఇంగ్లీషులో వస్తుంది. హైకోర్టు భాష రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం ఇంగ్లీషే. 2023లో తెలంగాణ హైకోర్టు ధర్మాసనం ఒకటి తెలుగులోనూ తీర్పు ఇచ్చి మంచి దారి చూపింది. అది మామూలు సంగతి అయ్యేదాకా, తన తీర్పులో ఏముందో తెలుగులో చెప్పించుకోవడం కక్షిదారు హక్కు అనే అనుకోవాలి.

మళ్లీ ఆ కుర్రాడి దగ్గరికి వద్దాం. లాయర్ దొరికాడు, బెయిలూ వచ్చింది అనుకుందాం. కష్టం ఇక్కడ కొత్తగా మొదలవుతుంది. ఇద్దరు జామీనుదారులు కావాలంటారు. వాళ్ల ఇంటిపన్ను రసీదో, పాస్‌పుస్తకమో, ఆస్తి స్తోమత ఉందని తహసీల్దారు ఇచ్చే సాల్వెన్సీ సర్టిఫికెట్టో కావాలి. కూలి పనికి వలస వచ్చిన వాడికి ఊరుకాని ఊళ్లో ఇవన్నీ ఎవరిస్తారు? 1978లో మోతీరామ్ అనే తాపీమేస్త్రీ కేసులో మేజిస్ట్రేట్ 10,000 రూపాయల జామీను అడిగారు. అతని అన్నదమ్ముడు జామీను ఇస్తానంటే, ఆస్తి వేరే జిల్లాలో ఉందని ఒప్పుకోలేదు. జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఆ తీర్పులో వేసిన ప్రశ్న మనకు దగ్గరగా తగులుతుంది: ఒక మలయాళీయో, కన్నడిగుడో, తమిళుడో, తెలుగువాడో బస్తర్‌లోనో పోర్ట్‌బ్లెయిర్‌లోనో అరెస్టయితే ఏం చేయాలి? 1,000 రూపాయల సొంత పూచీకత్తు మీదే అతన్ని వదలమని ఆయన ఆదేశించారు. శేషాచలం అడవుల్లో పట్టుబడి ఆంధ్ర జైళ్లలో ఉన్న తమిళ కూలీలకూ అడ్డొచ్చే ప్రశ్న ఇదే, దిక్కు మారింది అంతే.

2022 డిసెంబరు 31 నాటికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే, అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే నలుగురిలో ముగ్గురికి ఇంకా నేరం రుజువు కాలేదు. వీళ్లకోసం కొన్ని దారులు తెరిచారు. చార్జిషీటు 60 రోజుల్లో, పెద్ద నేరాలకైతే 90 రోజుల్లో వేయకపోతే బెయిల్ హక్కుగా వస్తుంది, అయితే అడగాలి. కొత్త చట్టం 479వ సెక్షన్ ప్రకారం, మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాళ్లు పడగలిగే గరిష్ఠ శిక్షలో మూడో వంతు, మిగతావాళ్లు సగం జైల్లోనే గడిపితే వదిలేయాలి. ఉరి, యావజ్జీవం పడే నేరాలకు, ఒకటికి మించి కేసులున్నవాళ్లకు ఇది వర్తించదు. దీనికి ఖైదీ అడగనక్కర్లేదు, జైలు సూపరింటెండెంటే కోర్టుకు రాయాలి. అడగని మనిషి తరఫున వ్యవస్థే కదలాలని చట్టంలో రాసిన అరుదైన చోటు ఇది. పాత కేసులకూ ఇది వర్తిస్తుందని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పేద ఖైదీల బెయిల్ కోసం, జరిమానా కట్టలేనివాళ్ల కోసం డబ్బు ఇచ్చే కేంద్ర పథకం 2023 నుంచి ఉంది.

2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఇంకో ఏర్పాటు చేసింది. బెయిల్ ఆర్డరు ఆ రోజో మర్నాడో ఈమెయిల్‌లో జైలుకు చేరాలి. జైలు కంప్యూటర్లో బెయిల్ వచ్చిన తేదీ నమోదు చేయాలి. 7 రోజుల్లో ఆ మనిషి బయటికి రాకపోతే సూపరింటెండెంట్ జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తెలపాలి. వాళ్లు పారాలీగల్ వాలంటీర్‌నో లాయర్‌నో జైలుకు పంపి, ఎందుకు ఆగాడో కనుక్కోవాలి. నెల దాటినా జామీను కట్టలేకపోతే, కోర్టే తనంతట తాను షరతులు సడలించే విషయం ఆలోచించవచ్చు. కొడుకో తమ్ముడో బెయిల్ వచ్చినా జైల్లోనే ఉన్నాడని తెలిసిన కుటుంబం చేయాల్సింది ఒకటే. బెయిల్ ఆర్డరు తేదీ ఒక కాగితం మీద రాసుకుని, ఎనిమిదో రోజు పొద్దున్నే జిల్లా కోర్టు ఆవరణలోని ఆ ఆఫీసు తలుపు తట్టాలి.